మొగిలిగుండ్ల పొలాల్లో దిగిన ప్రశ్న

2022 డిసెంబరు 7న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఆకాశం నుంచి ఒక పెద్ద గుండ్రటి యంత్రం దిగింది. మర్పల్లి మా జహీరాబాద్‌కు దూరమేం కాదు. వికారాబాద్ నుంచి బీదర్ పోయే రైలు మర్పల్లి, కోహీర్ దాటితే వచ్చేది మా స్టేషనే. చుట్టుపక్కల ఊళ్ల జనం చేతిలో పనులు వదిలేసి పొలాలకు పరుగెత్తారు. ఫోన్లలో ఫోటోలు మా బజారుకు చేరేసరికి అది గ్రహాంతరవాసుల ఓడ అయి కూర్చుంది. పోలీసులు, రెవెన్యూ వాళ్లు వచ్చి విచారిస్తే సంగతి తేలింది. స్పెయిన్‌కు చెందిన హేలో స్పేస్ అనే కంపెనీ ముందుముందు యాత్రికులను బెలూన్‌లో ఆకాశపు అంచుదాకా తీసుకుపోవాలని అప్పట్లో అనుకుంది. అందుకోసం మనుషులు లేని నమూనా గదిని హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఎగరేసి చూసుకుంది. దిగింది ఆ గదే.

జహీరాబాద్, కోహీర్, ఝరాసంగం వైపు సర్కారు బడుల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని నేను. ఆ వారమంతా కూరగాయల బండి దగ్గర, రేషన్ దుకాణంలో, పెళ్లి భోజనాల పంక్తిలో ఒకటే ప్రశ్న. "టీచరమ్మా, నిజంగనే పైన ఎవలన్న ఉన్నరా?" నా పిల్లలు తరగతిలో ఏటేటా అడిగిన ప్రశ్న కూడా ఇదే. దీనికి జవాబు చెప్పే ప్రయత్నంలో నేను నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. వాటిని ఇక్కడ రాస్తున్నాను.

1. మొదట అది మనదేమో చూడాలి

హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గరి బెలూన్ కేంద్రం 1969 నుంచి పనిచేస్తోంది. అక్కడ ఎగరేసే బెలూన్లు పలుచటి పాలిథిన్ పొరతో చేసినవి. హైడ్రోజన్ నింపి పంపుతారు. అడ్డం 50 నుంచి 85 మీటర్ల దాకా ఉంటాయి. రాత్రి 8 గంటల నుంచి పొద్దున ఆరున్నర లోపు వదులుతారు. భూమికి 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తున కొన్ని గంటలు ఉండి, పరికరాల పెట్టె రంగుల పారాచూట్‌తో కిందికి వస్తుంది. ఎక్కువగా విశాఖపట్నం, హైదరాబాద్, సోలాపూర్‌లను కలిపే గీతకు అటూ ఇటూ పడుతుందని ఆ కేంద్రం వాళ్లే ముందుగా పత్రికల్లో చెబుతారు. సోలాపూర్ రోడ్డు మీద ఉన్న మా ఊరికి ఇది దగ్గరి సంగతే. 2025 జనవరిలో బీదర్ జిల్లా హుమ్నాబాద్ తాలూకా జలసంగిలో ఒక బెలూన్ ఏకంగా ఇంటి మీదే పడింది.

ఇంకొక సంగతి. తెల్లవారకముందు కింద ఇంకా చీకటిగా ఉండగానే అంత ఎత్తున ఉన్న బెలూన్‌కు ఎండ తగులుతుంది. కదలకుండా వెలిగే ఆ ముద్దను చూసి జడుసుకోవడంలో తప్పేం లేదు. జడుపు తీరాక ఏం చేస్తామన్నదే ముఖ్యం. పెట్టె మీద చిరునామా, ఫోన్ నంబరు, ముట్టుకోవద్దనే హెచ్చరిక రాసి ఉంటాయి. లోపల కొన్ని పరికరాల్లో ఎక్కువ వోల్టేజీ కరెంటు ఉండవచ్చు. పోలీసులకో, పోస్టాఫీసుకో కబురు పెట్టినవాళ్లకు బహుమానం కూడా ఇస్తారు. విప్పితే బహుమానమూ పోతుంది, ఎన్నో నెలల కష్టమూ పోతుంది.

మొగిలిగుండ్ల రైతులు పెట్టె చుట్టూ చేరి, పగలగొట్టకుండా పోలీసులను పిలిచారు. నా దృష్టిలో ఆ రోజు శాస్త్రీయంగా నడుచుకున్నది వాళ్లే. ఏమీ చూడకుండా కథలల్లినవాళ్లు టీవీ ముందూ ఫోన్ ముందూ ఉన్నారు.

2. ప్రాణం ఉందో లేదో చెప్పడం చూసినంత తేలిక కాదు

పస్తాపూర్‌లోని డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పేరు మా ప్రాంతంలో అందరికీ తెలుసు. 1983లో మొదలైన సంస్థ. ఇక్కడి దళిత మహిళా రైతులు సంఘాలు కట్టుకుని, కనుమరుగైపోతున్న పాత పంటల విత్తనాలను ఊరూరా కాపాడుకుంటూ వస్తున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి కూడా ఆ సంఘాలకు వచ్చింది. మా పిల్లలను నేను అలాంటి ఒక ఇంటికి తీసుకుపోయేదాన్ని, సంస్థ గొప్ప చూపించడానికని కాదు, ఒక బుట్ట చూపించడానికి.

పేడతో అలికిన బుట్ట. మూత చుట్టూ మట్టి మెత్తి గాలి చొరకుండా మూసి ఉంటుంది. ఆ ఇంటి అవ్వ గోటితో మట్టి గీకి మూత తీసేది. వేపాకు ఎండిన వాసన గుప్పున వచ్చేది. చెయ్యి లోపలికి పెట్టి తీస్తే అరచేతిలో బూడిద పట్టిన తైదలో, కొర్రలో, పచ్చజొన్నలో. ఊదితే బూడిద ఎగిరి గింజ కనబడేది. పిల్లలను అప్పుడు అడిగేదాన్ని, "ఇది బతికున్నదా, చచ్చిపోయిందా?"

పుస్తకంలో జీవ లక్షణాలు వరసగా ఉంటాయి. పెరగాలి, శ్వాసించాలి, స్పందించాలి, తన లాంటిదాన్ని పుట్టించాలి. బుట్టలోని గింజ ఏడాదిగా పెరగలేదు. దాని శ్వాస ఎంత సన్నగా ఉంటుందంటే మా బడి పరికరాలకు అందదు. సగం మంది బతికుందని, సగం మంది లేదని చేతులెత్తేవాళ్లు. ఒకసారి ఒక పిల్ల ఆ అవ్వనే అడిగింది. ఆమె నవ్వి, "గిప్పుడడిగితె చెప్పదు బిడ్డా. నీళ్లు తాపితె చెప్తది" అన్నది. గుప్పెడు గింజలు తడిబట్టలో మూటగట్టి మా చేతికిచ్చింది. మూడు రోజుల తర్వాత బడిలో మూట విప్పితే చాలావరకు మొలకలు. కొన్ని మాత్రం అలాగే ఉన్నాయి. మొలవని ఆ గింజలు చచ్చినవా, ఇంకా నిద్రలో ఉన్నవా? ఆ పిల్లల దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఇజ్రాయెల్‌లో మసాదా కోట శిథిలాల్లో దొరికిన ఖర్జూరపు గింజ సుమారు రెండు వేల ఏళ్లనాటిది. 2005లో దానికి నీళ్లు తాపితే మొలిచింది.

1976లో వైకింగ్ నౌకలు అంగారకుడి మీద చేసిన పరీక్ష అచ్చం ఆ అవ్వ చెప్పిందే. అక్కడి మట్టి తీసి, గుర్తు కోసం రేడియోధార్మిక కార్బన్ కలిపిన పోషక ద్రవాన్ని దానికి చుక్కలుగా తాపారు. మట్టిలో ఏదైనా ప్రాణి ఉంటే తిని గాలి వదులుతుంది, ఆ గాలిలో గుర్తు కనబడుతుంది. గాలి వచ్చింది, గుర్తూ కనబడింది. కానీ అదే నౌకలోని ఇంకో పరికరం ఆ మట్టిని వేడిచేసి వెతికితే, ప్రాణులకు కావలసిన కర్బన పదార్థం ఏదీ నమ్మకంగా తేలలేదు. మట్టిలో ఉన్న రసాయనమే అలా గాలి వదిలి ఉంటుందని ఎక్కువమంది తేల్చారు. 2008లో ఫీనిక్స్ నౌక అక్కడి మట్టిలో పెర్‌క్లోరేట్ అనే లవణాలను కనుక్కుంది. వేడి చేసినప్పుడు కర్బనం ఉన్నా ఈ లవణాలు దాన్ని కాల్చేసి ఉండవచ్చు. దాంతో వాదన మళ్లీ మొదలైంది. దాదాపు యాభై ఏళ్లుగా పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు తలపట్టుకున్న ఆ చిక్కు మా పిల్లలకు ఒక తడిబట్ట మూటతో అర్థమైంది. పాఠాలన్నిట్లో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే.

3. ఆశ ఎంత పెద్దదైతే పరీక్ష అంత గట్టిగా ఉండాలి

భూమి బయటి ప్రాణి కోసం వెతకడమంటే అమెరికా వాళ్ల పని అనుకుంటారు మావాళ్లు. ఆ పని మన హైదరాబాద్‌లో జరిగింది. జరిగిన తీరు తెలుగు పిల్లలందరికీ తెలియాలని నా కోరిక.

ప్రాణం భూమ్మీదే పుట్టలేదు, సూక్ష్మజీవుల రూపంలో అంతరిక్షం నుంచి రాలుతూ ఉంటుందని ఫ్రెడ్ హాయిల్, చంద్ర విక్రమసింఘే అనే ఖగోళ శాస్త్రవేత్తలు చాలాకాలం వాదించారు. నిజమైతే పైగాలిలో అవి దొరకాలి కదా. హాయిల్ శిష్యుడు జయంత్ నార్లికర్ ముందుండి, ఇస్రోతో కలిసి 2001 జనవరిలో ఒకసారి, 2005 ఏప్రిల్ 20న మరోసారి హైదరాబాద్ నుంచి బెలూన్ పంపారు. రెండోసారి పంపిన బెలూన్ 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగులది. కింద 459 కిలోల పరికరం. అందులో 16 స్టీలు గొట్టాలు. వాటిలోంచి గాలి పూర్తిగా తోడేసి, ఒక్క సూక్ష్మజీవి కూడా మిగలకుండా శుద్ధి చేసి, 38 కిలోల ద్రవ నియాన్‌లో ముంచి ఉంచారు. ద్రవ నియాన్ అంటే సున్నాకు దాదాపు 246 డిగ్రీలు కింద. పైన మూత తెరుచుకోగానే లోపలికొచ్చిన గాలి ఆ చలికి గడ్డకడుతుంది. చోటు ఖాళీ అవుతుంది కాబట్టి ఇంకా గాలి దూసుకొస్తుంది. అంత ఎత్తున గాలి బహు పలుచన. ఈ ఉపాయం లేకపోతే గొట్టంలోకి వచ్చేది ఏమీ ఉండదు. 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య వేర్వేరు ఎత్తుల్లో గాలి పట్టి, పారాచూట్‌తో దించారు.

ఆ గాలిని హైదరాబాద్ సీసీఎంబీ, పుణె ఎన్‌సీసీఎస్ అనే రెండు జీవశాస్త్ర పరిశోధన సంస్థల్లో విడివిడిగా పరీక్షించారు. ఒకచోట జరిగే పొరపాటు ఇంకోచోట బయటపడుతుందని అలా చేశారు. 12 బాక్టీరియా, 6 శిలీంధ్రాల సమూహాలు పెరిగాయి. బాక్టీరియాలో తొమ్మిది మనకు తెలిసిన జాతులకు 98 శాతానికి పైగా సరిపోయాయి. మిగతా మూడు ఎక్కడా నమోదు కాని కొత్త జాతులు. ఒకదానికి హాయిల్ పేరిట జానిబాక్టర్ హాయిలై అని, ఒకదానికి ఇస్రో పేరిట బాసిలస్ ఇస్రోనెన్సిస్ అని, మూడోదానికి మన ఆర్యభట్టు పేరిట బాసిలస్ ఆర్యభట్టై అని పేర్లు పెట్టారు. దగ్గరి బంధువులైన భూమ్మీది జాతుల కన్నా ఇవి అతినీలలోహిత కిరణాలకు ఎక్కువగా తట్టుకున్నాయి.

2009 మార్చిలో ఇస్రో ఈ సంగతి ప్రకటించింది. కావలసినదంతా చేతిలో ఉంది. కొత్త జీవులు దొరికాయి, అవీ ఆకాశంలో దొరికాయి, మామూలు జీవి బతకలేని చోట దొరికాయి. "భూమి బయటి ప్రాణి దొరికింది" అని ఒక్క మాట అని ఉంటే ప్రపంచమంతా మోగిపోయేది. కానీ ఇవి అంతరిక్షం నుంచే వచ్చాయని ఈ పరీక్ష గట్టిగా రుజువు చేయడం లేదని ఆ ప్రకటనలోనే రాశారు. ఆ వాక్యం పత్రికలో చదివిన రోజు నాకు చంద్రయాన్ ఎగిరినంత గర్వంగా అనిపించింది.

తర్వాతి కథ ఇంకా బాగుంటుంది. ఆర్యభట్టు పేరు పెట్టుకున్న బాక్టీరియా మన కాళ్ల కింది నేలలో కూడా ఉందని తేలింది. మధ్య భారతపు నల్లరేగడిలో సోయా, గోధుమ మొక్కల వేళ్ల దగ్గర దొరికింది. మట్టిలో కరగకుండా ఉన్న జింకును కరిగించి మొక్కకు అందిస్తుందట. నేల మీది దుమ్ముతో పాటే అది పైకి పోయి ఉంటుందని నా అభిప్రాయం. పైనుంచి కిందికి వచ్చిందనే వాళ్లను నేను కాదనను, కానీ వాళ్లు రుజువు చూపాలి.

2001లో కేరళలోని కొట్టాయం, ఇడుక్కి జిల్లాల్లో ఎర్రటి వాన పడినప్పుడు కూడా అది అంతరిక్షం నుంచి వచ్చిన కణాలని వాదించినవాళ్లున్నారు. ఆ నీటిలోని ఎర్రకణాలను పెంచి చూస్తే ట్రెంటిపోలియా అనే నాచు బీజాలని తేలింది. అక్కడి చెట్ల బెరడు మీద పెరిగే నాచే.

4. లెక్క పెద్దదైతే సాక్ష్యం కాదు

ఇన్ని కోట్ల నక్షత్రాలుండగా ఎక్కడో ఒకచోట ప్రాణం ఉండకుండా ఉంటుందా అని పదో తరగతి పిల్లవాడు కూడా వాదిస్తాడు. వేరే సూర్యుల చుట్టూ తిరిగే గ్రహాలు ఇప్పటికి ఆరు వేలకు పైగా లెక్క తేలాయి. నాకూ ఆశ ఉంది. కానీ ప్రాణం పుట్టడం ఎంత అరుదో తెలియనప్పుడు ఎన్ని కోట్లతో హెచ్చవేసినా వచ్చేది ఊహే. మనకు తెలిసిన ప్రాణం ఒక్క భూమ్మీదిదే. ఒక్క ఉదాహరణతో సూత్రం కట్టకూడదని లెక్కల మాస్టర్లు మొదటి రోజే చెబుతారు.

వారణాసిలో ఇంజినీరింగ్ చదివి కేంబ్రిడ్జిలో ఖగోళశాస్త్రం చెబుతున్న నిక్కు మధుసూదన్ బృందం 2025 ఏప్రిల్‌లో ఒక ప్రకటన చేసింది. 124 కాంతి సంవత్సరాల దూరంలో కే2-18బి అనే గ్రహం ఉంది. దాని గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ లాంటి వాయువు జాడ జేమ్స్ వెబ్ టెలిస్కోపుకు కనబడిందన్నారు. భూమ్మీద ఆ వాయువు ముఖ్యంగా సముద్రపు ప్లవకాల నుంచి వస్తుంది. ఇది కాకతాళీయంగా కనబడే అవకాశం వెయ్యికి మూడు వంతులుందని, శాస్త్రం కోరే కొలతకు ఇంకా చేరలేదని ఆ బృందమే చెప్పింది. అదే సమాచారాన్ని తీసుకుని మళ్లీ లెక్కవేసిన వేరే బృందాలు ఆ జాడే బలహీనమన్నాయి. ఇదంతా ఆరోగ్యంగా జరిగిన చర్చ. "దొరికేశారు" అని శీర్షిక పెట్టినవాళ్ల వల్లనే అది జనానికి అబద్ధంలా కనబడింది.

మనకు మాట పంపగల నాగరికతలు ఎన్ని ఉండవచ్చో లెక్కవేయడానికి ఫ్రాంక్ డ్రేక్ 1961లో రాసిన సమీకరణంలో ఏడు అంశాలున్నాయి. నక్షత్రాలెన్ని, గ్రహాలెన్ని అనేవి ఇప్పుడు కొంత తెలుసు. చివరిది, మాట పంపగల నాగరికత ఎంతకాలం నిలుస్తుందన్నది. ఆ ఒక్కదాన్ని టెలిస్కోపుతో కొలవలేం. బోరు ఎండిపోయిన చోట ఇంకో బోరు వేసుకుంటూ పోయే మనలాంటివాళ్లు ఎంతకాలం నిలుస్తారన్న దాన్నిబట్టి దాని విలువ ఉంటుంది.

5. కాకినాడ దాకా వచ్చిన ప్రశ్న

ప్రాణం మొదట ఎలా పుట్టిందన్నది గ్రహాంతరవాసుల కన్నా పెద్ద ప్రశ్న. వెలుతురు తగిలిన తొలి సముద్రాల్లో రసాయనాలు పోగుపడి, ఒకదాంతో ఒకటి కలిసి ప్రాణం మొదలైందని 1929లో జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ రాశాడు. రష్యాలో ఒపారిన్ అంతకు ముందే, 1924లో, అలాంటి మాటే అన్నాడు. ఆ హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి మన దేశం వచ్చాడు, తర్వాత భారత పౌరుడయ్యాడు. ఆయన దగ్గర జన్యుశాస్త్రం నేర్చుకున్న వాళ్లలో మన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయేముందు హాల్డేన్ తన శరీరాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చాడు. ప్రాణం పుట్టుక గురించి ఆలోచించిన మనిషి దేహం తెలుగు వైద్య విద్యార్థుల చదువుకు పనికొచ్చింది. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ తరగతి నిశ్శబ్దమైపోయేది.

ఆ ప్రశ్న ఇంకా తేలలేదు. 1953లో స్టాన్లీ మిల్లర్ గాజు బుడ్డీలో నీటి ఆవిరి, మీథేన్, అమోనియా, హైడ్రోజన్ నింపి మెరుపుల వంటి విద్యుత్తు పంపితే అమైనో ఆమ్లాలు వచ్చాయి. బెన్ను అనే చిన్న గ్రహశకలం నుంచి 2023లో తెచ్చిన మట్టిలో, ప్రాణులు వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14, జన్యుపదార్థానికి కావలసిన ఐదు క్షారాలూ ఉన్నాయని 2025 జనవరిలో చెప్పారు. అంటే సరుకులు భూమి బయట కూడా ఉన్నాయి. సరుకులకు ప్రాణం ఎప్పుడు, ఎలా వచ్చిందో ఏ ప్రయోగశాలా చేసి చూపలేదు.

6. దుఃఖంలో అడిగిన ప్రశ్నకు కూడా నిజమే చెప్పాలి

ముంబై రోడ్డు మీద లారీ గుద్ది ఒక పిల్లవాడి తండ్రి పోయాడు. దినాలయ్యాక బడికొచ్చి, విరామంలో నా దగ్గరికి వచ్చి అడిగాడు. "మా నాయిన చుక్కయిండని అమ్మ చెప్తది. నిజమేనా టీచర్?"

సైన్సు టీచరును కాబట్టి కాదని చెప్పాలా? పసివాడు కాబట్టి అవునని చెప్పాలా? పక్కన కూర్చోబెట్టుకుని, తెలిసింది తెలిసినట్టు చెప్పాను. మీ నాయిన నెత్తురులోని ఇనుము, ఎముకల్లోని కాల్షియం మన సూర్యుడు పుట్టకముందే కాలిపోయిన చుక్కల్లో తయారైనవే. నీ ఒంట్లో కూడా అదే ఇనుముంది. నీ కణాల్లోని జన్యువుల్లో సగం ఆయన ఇచ్చినవే, అవి నువ్వున్నంత కాలం ఉంటాయి. నిన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి ఎక్కడికి పోయాడన్నది మాత్రం నాకు తెలియదు, తెలిసినవాళ్లను నేను చూడలేదు.

"మరి అమ్మ చెప్పింది?" అన్నాడు. "అమ్మ నీ మీద ప్రేమతో చెప్పింది. దానికి నేను మార్కులు వేయను" అన్నాను. కాసేపు కూర్చుని లేచి పోయాడు. తర్వాత చాలాకాలం వాడు నన్ను సైన్సు ప్రశ్నలే అడిగాడు. దుఃఖంలో అబద్ధం చెప్పకపోతే పిల్లలు మనల్ని ఆ తర్వాత కూడా నమ్ముతారు.

7. మన మాట ఎప్పుడో బయలుదేరింది

గ్రహాంతరవాసులను పలకరించడం ప్రమాదమని 2010లో స్టీఫెన్ హాకింగ్ హెచ్చరించాడు, దాని మీద వాదన ఇంకా నడుస్తోంది. ఆయన భయానికి కారణాలున్నాయి. బలవంతుడు బలహీనుడి గడప తొక్కినప్పుడు ఏమవుతుందో చరిత్ర నిండా ఉంది. అయినా నేను పలకరింపు వైపే. ఎందుకంటే మాట ఇప్పటికే పోయింది.

1977 సెప్టెంబరు 5న బయలుదేరిన వాయేజర్-1లో ఒక బంగారు పూత పళ్లెం ఉంది. కార్ల్ సేగన్ బృందం దానిమీద 55 భాషల్లో పలకరింపులు రికార్డు చేసింది. అందులో తెలుగుంది, ఉర్దూ ఉంది, కన్నడం, మరాఠీ, హిందీ ఉన్నాయి. జహీరాబాద్ గంజ్‌లో అల్లం మూటల దగ్గర ఒక పూట నిలబడితే ఈ భాషలన్నీ చెవిన పడతాయి. ఇటు బీదర్, అటు సోలాపూర్ మధ్య బతికే మాకు ఆ సంగతి తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను. ఆ నౌక ఇప్పుడు మనకు 2,500 కోట్ల కిలోమీటర్ల అవతల ఉంది. అక్కడి నుంచి సంకేతం రావడానికి 23 గంటలకు పైగా పడుతుంది. మరో నక్షత్రం దరిదాపులకు పోవడానికి దానికి సుమారు 40 వేల ఏళ్లు కావాలి.

దానికన్నా ముందు పోతున్నది మా మాచునూర్ ఊరి గొంతు. 2008 అక్టోబరు 15న అక్కడ సంఘం రేడియో మొదలైంది. దళిత మహిళలే నడిపే 90.4 ఎఫ్‌ఎం. ఎఫ్‌ఎం తరంగాలు పైనున్న అయనోస్ఫియర్‌ను దాటుకుని పోగలవు, పోయేది కాంతి వేగంతో. విత్తనాల మీద, వానల మీద ఆ అక్కలు మాట్లాడిన తొలి మాటలు మృగవ్యాధ నక్షత్రాన్ని ఎప్పుడో దాటేశాయి. సుమారు 17 కాంతి సంవత్సరాల దూరంలోని శ్రవణ నక్షత్రం దాకా చేరాయి. అంత దూరం పోయేసరికి అవి ఎంత సన్నబడతాయంటే మన దగ్గరున్న ఏ యంత్రమూ వాటిని పట్టలేదు. అక్కడ విని అర్థం చేసుకునేవాళ్లు ఉన్నారో లేరో తెలియదు. పోతున్నాయన్నది మాత్రం భౌతికశాస్త్రం.

8. తెలియనివాటికి గోడ మీద చోటివ్వాలి

మా ల్యాబ్ గోడకు ఒక డ్రాయింగ్ చార్టు వేలాడేది. పైన "ఇంకా తెలియదు" అని రాసి ఉండేది. పిల్లలు అడిగిన, నేనూ పుస్తకమూ చెప్పలేని ప్రశ్నలు దానిమీదికి ఎక్కేవి. అడిగిన వాళ్ల పేరు, తరగతి, సంవత్సరం పక్కనే. ప్రతి జూన్‌లో కొత్త చార్టు మీద మిగిలిన ప్రశ్నలు తిరగరాయించేదాన్ని.

కొన్ని కొట్టేశాం. వేరే సూర్యుడి చుట్టూ కూడా గ్రహం తిరుగుతోందని 1995లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు మేయర్, కెలోజ్ చెప్పినప్పుడు ఒకటి కొట్టేశాం. చంద్రుడి మీద నీళ్ల జాడ ఉందని 2009లో చంద్రయాన్-1 తేల్చినప్పుడు ఇంకొకటి కొట్టేశాం. ఆ ప్రశ్న అడిగిన పిల్ల అప్పటికి పెళ్లయి కోహీర్‌లో ఉంది. కబురు పంపితే చంకలో బిడ్డతో వచ్చి, తన చేత్తోనే గీత గీసి పోయింది. కొన్ని ఎన్ని జూన్‌లు వచ్చినా కదలలేదు. మనం తప్ప ఇంకెవరన్నా ఉన్నారా? చీమకు నొప్పి తెలుస్తదా? మొదటి ప్రాణం ఎట్ల పుట్టింది? అమ్మ కడుపుల ఉన్నప్పటి సంగతులు ఎందుకు యాదికుండవు?

ఈ చార్టు వల్ల మా బడికి పెద్ద ర్యాంకులేం రాలేదు. వచ్చిందేమిటంటే, "గింత చిన్న ప్రశ్న అడిగితె నవ్వుతరేమో" అనే భయం వెనక బెంచీల్లోంచి పోయింది. టీచరుకు కూడా తెలియనివి ఉంటాయని, వాటిని దాచుకోనక్కరలేదని పిల్లలు కళ్లారా చూశారు. బాబాలు, జాతకాలవాళ్లు, యూట్యూబ్ పండితులు అన్నిటికీ తడుముకోకుండా జవాబులు చెప్పే కాలంలో బతుకుతున్న పిల్లలకు ఇది చాలా అవసరమని నేను నమ్ముతాను.

ఇది చదువుతున్న టీచర్లూ, తల్లిదండ్రులూ, ఖర్చు ఒక చార్టు, ఒక స్కెచ్ పెన్ను. వచ్చే జూన్‌లో మీ తరగతి గోడకో, మీ ఇంటి గోడకో ఒకటి అంటించండి. మొదటి ప్రశ్న పిల్లల చేత కాకుండా మీరే రాయండి, కింద మీ పేరు పెట్టండి.